నీలి చుక్కను ఎంతవరకు నమ్మాలి: రోజువారీ పనుల్లో జీపీఎస్ వాడే పద్ధతి

ఫోన్‌లోని మ్యాప్, కారు డాష్‌బోర్డు మీది స్క్రీన్, పరుగు లెక్కపెట్టే చేతి గడియారం, అడవుల్లోకి పట్టుకెళ్లే చేతి పరికరం, బండిలో దాచి బిగించే ట్రాకర్. వీటన్నిటిలోనూ అసలు పని ఒక్కటే. ఉపగ్రహాల సిగ్నళ్లను అందుకుని తానెక్కడ ఉన్నదీ పరికరం తనే లెక్క కట్టుకుంటుంది. దారి చెప్పడం, ఆ చోటును ఇంకొకరికి పంపడం దాని మీద జరిగే వేరే పనులు. తేడా వచ్చినప్పుడు ‘జీపీఎస్ పనిచేయట్లేదు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే చిక్కు వీడదు. తప్పు స్థానం లెక్కలో ఉండొచ్చు, మ్యాప్‌లో ఉండొచ్చు, మొబైల్ నెట్‌వర్క్‌లో ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీసి చూడటం వస్తే సగం పని అయినట్టే.

పరికరం ఏం లెక్క కడుతుంది

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ అణు గడియారాల సమయాన్ని, తమ స్థానాన్ని ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. సిగ్నల్ చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి పరికరం ఒక్కో ఉపగ్రహానికి దూరం తేలుస్తుంది. సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది కాబట్టి సెకనులో పది లక్షల వంతు పొరపాటు పడినా 300 మీటర్ల తేడా వస్తుంది. చేతిలో పట్టే పరికరంలో అంత నికార్సైన గడియారం ఉండదు. అందుకే అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు తన గడియారం ఎంత తప్పుతోందో కూడా నాలుగో లెక్కగా తేల్చుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలనేది ఇందుకే. మూడే దొరికితే కొన్ని పరికరాలు పాత ఎత్తునే అట్టిపెట్టుకుని స్థానం చూపిస్తాయి. కొండల్లో అలాంటి చుక్క బాగా పక్కకు జరుగుతుంది.

సిగ్నల్ ప్రయాణం ఒకవైపే. మీరెక్కడున్నారో ఉపగ్రహానికి తెలియదు, మీ పరికరం దానికేమీ పంపదు. కాబట్టి సిమ్ లేకపోయినా, డేటా అయిపోయినా స్థానం తెలుస్తుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకు, ట్రాఫిక్ సమాచారానికి, మీ చోటును ఇతరులకు పంపడానికి.

ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ సిగ్నళ్లనూ వాడుకుంటాయి. భారత్ నావిక్, జపాన్ క్యూజెడ్‌ఎస్‌ఎస్ ఆయా ప్రాంతాల్లో తోడవుతాయి. పైన అన్ని రకాలూ కలిపి ముప్పై నలభై ఉపగ్రహాలు కనిపిస్తుంటే, భవనాల మధ్య కొన్ని మరుగైనా పని ఆగదు. కొత్త పరికరం కొనేటప్పుడు ఎన్ని వ్యవస్థలు అందుకుంటుందనే దానికన్నా, ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాలనూ అందుకుంటుందా అని చూడటం ఎక్కువ ఉపయోగం. గోడలకు తగిలి వచ్చిన సిగ్నల్‌ను నేరుగా వచ్చిన దాని నుంచి వేరు చేయడంలో ఎల్5 మెరుగు.

మొదటి రెండు నిమిషాలు

కొత్త పరికరమైనా, నెలల తరబడి ఆపి ఉంచినదైనా, ఆపేసి వందల కిలోమీటర్లు మోసుకెళ్లినదైనా మొదటిసారి స్థానం పట్టడానికి టైం తీసుకుంటుంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతోనే పంపుతుంది. ఒక ఉపగ్రహం తన సొంత వివరాలు ఒకసారి పూర్తిగా చెప్పి మళ్లీ మొదలుపెట్టడానికి 30 సెకన్లు పడుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక అంతా అందాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఆ 30 సెకన్లలో చెట్టో భవనమో అడ్డొచ్చి సిగ్నల్ తెగితే, తప్పిపోయిన భాగం కోసం మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. బండి కదులుతుండగా ఆన్ చేసిన పరికరం పది నిమిషాలైనా తేల్చకపోవడానికి కారణం ఇదే. ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా పెట్టి రెండు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

ఫోన్లకు ఈ బాధ తెలియకపోవడానికి కారణం, అవి కక్ష్య వివరాలను నెట్ ద్వారా ముందే దించుకోవడం. నెట్ లేని చోట ఫోన్ కూడా పాత పద్ధతిలోనే కష్టపడాలి. కాబట్టి సిగ్నల్ లేని ప్రాంతానికి బయల్దేరే ముందు, నెట్ ఉన్నప్పుడే ఆరుబయట మ్యాప్ తెరిచి చుక్క కుదురుకునే దాకా ఉంచండి. దించుకున్న కక్ష్య వివరాలు కొన్ని గంటల పాటు పనికొస్తాయి. చేతి గడియారాలు కొన్ని రోజులకు సరిపడా అంచనాలను ఫోన్ నుంచి తెచ్చుకుంటాయి. వారాల తరబడి ఫోన్‌తో సింక్ చేయని గడియారం పరుగుకు ముందు నిమిషాల తరబడి తిప్పలు పెడుతుంటే ముందు సింక్ చేసి చూడండి, సర్వీస్ సెంటర్ సంగతి తర్వాత.

సిగ్నల్ బాగుందో లేదో ఊహించనక్కర్లేదు. చేతి పరికరాల్లో ఉపగ్రహాల పేజీ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ వేసుకోవచ్చు. ఒక్కో ఉపగ్రహం పక్కన సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. 40, ఆపైన ఉంటే బాగున్నట్టు. 30 అటూ ఇటూ అయితే నడుస్తుంది. చాలావరకు 25 లోపే ఉంటే ఆ చుక్కను నమ్మకండి. ఆకాశపు బొమ్మలో ఒక పక్క అంతా ఖాళీగా ఉంటే అటువైపు గోడో కొండో ఉన్నట్టు. పది అడుగులు జరిగి చూడండి.

చుక్క చుట్టూ ఉన్న వలయం

ఆరుబయట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చెబుతుంది. కానీ ఆ సంగతి ప్రతిసారీ నిజం కాదు. ఎంత నిజమో చెప్పేది చుక్క చుట్టూ ఉండే లేత నీలి వలయం. ఆండ్రాయిడ్‌లో దీని అర్థం కచ్చితంగా నిర్వచించి ఉంది: మీరు ఆ వలయం లోపల ఉండే అవకాశం 68 శాతం. అంటే మూడింట ఒకసారి వలయం బయట ఉన్నా పరికరం తన మాట తప్పినట్టు కాదు. వలయాన్ని గోడలా కాకుండా అంచనాలా చూడాలి.

వలయం అకస్మాత్తుగా వందల మీటర్లకు పెరిగితే ఫోన్ ఉపగ్రహాలను వదిలేసి సెల్ టవర్ల మీద ఆధారపడుతోందని అర్థం. ఇంట్లో ఉన్నప్పుడు చుట్టుపక్కల వైఫై రౌటర్ల ఆధారంగా చోటు చెబుతుంది. ఎవరైనా ఇల్లు మారి రౌటర్ వెంట తీసుకెళితే, కొత్త ఇంట్లో ఉన్న ఫోన్ కొన్నాళ్లు పాత ఇంటిని చూపించే వింత ఇందువల్లే. పది అడుగులు వేసి ఆరుబయటికి వస్తే సర్దుకుంటుంది.

ఆరుబయట కూడా వలయం కిలోమీటర్లకు తగ్గకపోతే అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 12, ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ ‘కచ్చితమైన లొకేషన్’ వేరుగా ఇవ్వాలి. అది ఆపేసి ఉంటే యాప్‌కు అందేది ఏ పేట అన్నంత వరకే. క్యాబ్ డ్రైవర్ పక్క వీధిలో ఆగి ఫోన్ చేసే సందర్భాల్లో మొదట చూడాల్సింది ఇదే.

ఎత్తైన భవనాల మధ్య కథ వేరు. సిగ్నల్ అద్దాల గోడలకు తగిలి తిరిగొస్తే ప్రయాణించిన దూరం పెరుగుతుంది. పరికరం ఆ పెరిగిన దూరాన్నే నిజమనుకుని చుక్కను పక్క వీధిలోకి తోస్తుంది. ఇక్కడ ప్రమాదం ఏమిటంటే, వలయం చిన్నదిగానే ఉండొచ్చు. పరికరానికి తాను మోసపోతున్నట్టు తెలియదు. ఫ్లైఓవర్ల దగ్గరా అంతే. పైన ఉన్నారో కింద సర్వీస్ రోడ్డులో ఉన్నారో తేల్చడానికి ఎత్తు లెక్క సరిపోదు. అలాంటి చోట రోడ్డు పక్క బోర్డు చెప్పిందే వినాలి, ఫోన్ చెప్పింది కాదు.

బండి నడిపేటప్పుడు

ముందు అమర్చే చోటు. డాష్‌బోర్డు మీద, ముందు అద్దానికి దగ్గరగా, చూపుకు అడ్డం రాకుండా. కొన్ని కార్ల ముందు అద్దంలో వేడిని ఆపడానికి పలుచని లోహపు పూత ఉంటుంది. అది సిగ్నల్‌నూ ఆపుతుంది. అలాంటి అద్దాల్లో చాలావాటికి వెనక వచ్చే బండ్లను చూసే లోపలి అద్దం వెనక పూత లేని చిన్న చోటు వదులుతారు. పరికరం దానికి దగ్గరగా ఉంటే మేలు. ఎండలో ఆపిన కారులో ఫోన్‌నూ, లిథియం బ్యాటరీ ఉన్న ఏ పరికరాన్నీ అద్దానికి బిగించి వదిలేయకండి. బ్యాటరీ ఉబ్బుతుంది.

చాలామంది గమనించనిది చార్జర్. నాసిరకం కారు చార్జర్లు, కొన్ని డాష్ కెమెరాలు జీపీఎస్ పౌనఃపున్యం దగ్గర్లోనే రేడియో చప్పుడు పుట్టిస్తాయి. ఉపగ్రహాల నుంచి అందే సిగ్నల్ ఎంత బలహీనమంటే ఆ చప్పుడులో మునిగిపోతుంది. పరీక్ష తేలిక: ఉపగ్రహాల పేజీ తెరిచి పెట్టి చార్జర్ పీకండి. అంకెలన్నీ ఒక్కసారిగా ఐదో పదో పెరిగితే దొంగ దొరికినట్టే.

గమ్యాన్ని బండి కదలక ముందే పెట్టుకోవాలి. ‘స్టార్ట్’ నొక్కే ముందు రూటు మొత్తం ఒకసారి చూడండి. దూరం మీరనుకున్న దానికి దగ్గరగా ఉందా? ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉంటాయి. 40 కిలోమీటర్లు అనుకున్నది 240 చూపిస్తే వేరే ఊరు ఎంచుకున్నట్టు. పెద్ద ఆసుపత్రులు, రైల్వే స్టేషన్లు, కంపెనీల విషయంలో గుర్తు భవనం నడిమధ్యలో ఉంటుంది. దానికి దగ్గరి రోడ్డు అంటే వెనక ప్రహరీ పక్క సందు కావచ్చు. దగ్గరికి జరిపి గేటు ఎటుందో చూసి, గేటు మీద వేలు కాసేపు నొక్కి పట్టి అక్కడే గుర్తు పెట్టుకోండి.

రూటు వింతగా ఉంటే ఉపగ్రహాలను తిట్టుకోకముందు సెట్టింగ్స్ చూడాలి. ‘టోల్ వద్దు’, ‘హైవేలు వద్దు’ అని ఎప్పుడో నొక్కి మరిచిపోయి ఉండొచ్చు. బైక్ మీద ఉంటే బైక్, కారులో ఉంటే కారు ఎంచుకోవాలి. లేకపోతే కారు పట్టని సందుల్లోకి తీసుకెళ్తుంది. కొన్ని పరికరాల్లో ‘తక్కువ దూరం’, ‘తక్కువ సమయం’ అని రెండు పద్ధతులుంటాయి. తక్కువ దూరం పెడితే రెండు కిలోమీటర్లు మిగల్చడానికి గుంతల దారి పట్టిస్తుంది. తెలియని ప్రాంతంలో ఎప్పుడూ తక్కువ సమయమే పెట్టుకోండి. లారీలకు మామూలు ఫోన్ మ్యాప్ పనికిరాదు. ఎత్తు, బరువు ఇస్తే తక్కువ ఎత్తు వంతెనలను తప్పించే పరికరాలు వేరుగా ఉన్నాయి.

దూర ప్రయాణానికి ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో కావాల్సిన ప్రాంతాన్ని చతురస్రంలో ఎంచుకుని దించుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎంఅండ్ లాంటి యాప్‌లు రాష్ట్రాలు, దేశాల లెక్కన దించుకుని నెట్ లేకుండానే దారి లెక్క కడతాయి. దించిన తర్వాత ఇంట్లోనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక రూటు అడిగి చూడండి. దారి మధ్యలో తెల్ల తెర కనిపించడం కన్నా ఇంట్లోనే తేలిపోవడం నయం. ఆఫ్‌లైన్‌లో చెప్పే చేరుకునే సమయంలో అప్పటి ట్రాఫిక్ లెక్క ఉండదని మాత్రం గుర్తుంచుకోండి.

సొరంగంలో చుక్క కదులుతూనే ఉంటే అది అంతకుముందు వేగాన్ని, ఫోన్‌లోని కదలిక సెన్సర్లను బట్టి కట్టిన ఊహ. బయటికి రాగానే వచ్చే మొదటి మలుపు సూచనను తొందరపడి పాటించకండి. చుక్క సర్దుకోవడానికి కొన్ని సెకన్లు ఇవ్వండి.

వేగం విషయంలో జీపీఎస్ నమ్మదగినదే. ఆరుబయట, తిన్నని రోడ్డు మీద, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు బండి మీటర్ కన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది. బండి మీటర్లు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదనే నియమం చాలా దేశాల్లో ఉంది, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా చేస్తాయి. మీటర్ 100 అంటే జీపీఎస్ 95 అనడం మామూలే. వేగం పెంచేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు మాత్రం జీపీఎస్ అంకె ఒక సెకను వెనకబడుతుంది.

చోటును అంకెల్లో చెప్పడం

చిరునామా లేని చోట, ప్రమాదం జరిగినప్పుడు, బోరు వేసిన చోటో తేనెపట్టు ఉన్న చెట్టో గుర్తుపెట్టుకోవాలన్నప్పుడు అక్షాంశ రేఖాంశాలకు మించినది లేదు. అయితే అంకెలు రాసే పద్ధతులు మూడు ఉన్నాయి, తికమకంతా అక్కడే.

ఒకే చోటును 12.50000 డిగ్రీలు అని దశాంశంలో రాయొచ్చు. 12 డిగ్రీల 30.000 నిమిషాలు అని రాయొచ్చు. 12 డిగ్రీల 30 నిమిషాల 0 సెకన్లు అనీ రాయొచ్చు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 30 నిమిషాలంటే 0.5 డిగ్రీ. ఎవరైనా ‘పన్నెండు, ముప్పై’ అని చెబితే మీరు 12.30 అని కొట్టారనుకోండి, అసలు చోటుకు 0.2 డిగ్రీ దూరంలో పడతారు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. అంటే 22 కిలోమీటర్ల తేడా! వెతకడానికి వెళ్లిన మనుషులు పక్క మండలంలో తిరుగుతుంటారు.

అందుకే ఇద్దరూ ఒకే పద్ధతి పెట్టుకోండి. ఫోన్ల మధ్య అయితే దశాంశ డిగ్రీలు సులువు. ఎన్ని అంకెలు పంపాలి? బిందువు తర్వాత ఐదు చాలు. ఐదో అంకె ఒక్కటి మారితే సుమారు 1.1 మీటరు. అంతకన్నా కచ్చితంగా పరికరమే చెప్పలేనప్పుడు ఏడెనిమిది అంకెలు చదవడం వృథా ప్రయాస. మూడు అంకెలకే ఆపితే మాత్రం 100 మీటర్ల వరకు అటూ ఇటూ అవుతుంది.

ఫోన్‌లో చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి. మామూలుగా ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. కొన్ని కంప్యూటర్ ఫైళ్లలో, ముఖ్యంగా జియోజేసన్, కేఎంఎల్ ఫైళ్లలో, రేఖాంశం ముందుంటుంది. గుర్తు వేరే ఖండంలోనో సముద్రంలోనో పడితే మొదట అనుమానించాల్సింది ఈ తారుమారునే. భూమధ్యరేఖకు దక్షిణాన అక్షాంశానికి, గ్రీనిచ్‌కు పడమట రేఖాంశానికి మైనస్ గుర్తు ఉంటుంది. కాపీ చేసేటప్పుడు ఆ చిన్న గీత జారిపోతే చోటు భూగోళం అవతలికి వెళుతుంది.

ఫోన్‌లో నోటిమాటగా చెప్పాల్సి వస్తే అంకెను అంకెగానే పలకండి: ‘ఒకటి, రెండు, బిందువు, ఐదు, సున్నా...’. అవతలివారితో తిరిగి చదివించండి. ఎన్ని మీటర్ల వలయం ఉందో, ఏ సమయానికి చూశారో కూడా చెప్పండి.

పాత కాగితపు మ్యాపులతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే భూమి నమూనా. పాత మ్యాపులు ఆయా దేశాల పాత నమూనాల మీద గీసినవి. రెండింటి మధ్య అదే అంకెలకు వందల మీటర్ల తేడా రావొచ్చు. మ్యాపు అంచున రాసి ఉన్న డేటమ్ (భూమి నమూనా) పేరు చూసి, చేతి పరికరం సెట్టింగ్స్‌లో అదే పెట్టాలి. పని అయ్యాక డబ్ల్యూజీఎస్ 84కి తిరిగి మార్చడం మరిచిపోతే తర్వాత తీసిన గుర్తులన్నీ తప్పుతాయి.

లైవ్ లొకేషన్ పంపినప్పుడు చూసేవాళ్లు చుక్కను కాకుండా దాని కింద ఉన్న సమయాన్ని ముందు చూడాలి. 40 నిమిషాల కిందటి చుక్క అంటే మనిషి అక్కడే ఆగిపోయాడని కాదు. నెట్ పోయి ఉండొచ్చు, బ్యాటరీ సేవర్ యాప్‌ను నిద్రపుచ్చి ఉండొచ్చు. పంపేవారు ఆ యాప్‌కు బ్యాటరీ ఆదా నుంచి మినహాయింపు ఇస్తే ఈ బెడద తగ్గుతుంది.

నడకలో, కొండల్లో

దారి తప్పకుండా ఉండటానికి మూడు పనులు చాలు. బయల్దేరే చోట చుక్క కుదురుకున్నాక గుర్తు పెట్టడం, నడిచిన దారిని దాచే ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేయడం, దారి చీలిన ప్రతి చోటా ఇంకో గుర్తు వేయడం. తిరిగి రావాల్సినప్పుడు గుర్తు వైపు నేరుగా చూపే బాణాన్ని పట్టుకుని నడిస్తే మధ్యలో లోయ అడ్డురావొచ్చు. వచ్చిన ట్రాక్‌నే వెనక్కి నడవడం క్షేమం.

నిలబడి ఉన్నప్పుడు బాణం పిచ్చిగా తిరిగితే పరికరం చెడిపోలేదు. ఉపగ్రహాలు స్థానాన్నే చెబుతాయి, ముఖం ఎటు తిప్పారో చెప్పవు. నడుస్తుంటే వరుస స్థానాలను బట్టి దిక్కు తేలుతుంది, ఆగితే అయస్కాంత దిక్సూచి మీద ఆధారపడాలి. దాన్ని ఎప్పటికప్పుడు సరిచేయాలి: ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి. అయస్కాంతం ఉన్న కవరు, కారు హోల్డర్, స్పీకర్ దగ్గర్లో ఇది కుదరదు. బ్యాటరీలు మార్చే చేతి పరికరాల్లో, మార్చిన ప్రతిసారీ దిక్సూచిని మళ్లీ సరిచేయాలి.

ఎత్తు అంకెను అడ్డంగా చూపే స్థానమంత నమ్మకండి. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద నుంచి సరిచూసే వీలుండదు కాబట్టి ఎత్తులో తప్పు ఎక్కువ. బారోమీటర్ ఉన్న పరికరం మెట్లు ఎక్కిన తేడాను కూడా పట్టేస్తుంది. కానీ అది కొలిచేది గాలి పీడనాన్ని. వాతావరణం మారి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే, మీరు కదలకపోయినా సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు చూపుతుంది. ఎత్తు రాసి ఉన్న బోర్డు కనిపించినప్పుడల్లా ఆ అంకె ఎక్కించి సరిచేయండి.

దట్టమైన చెట్ల కింద ట్రాక్ వంకరలు పోయి దూరం ఎక్కువ చూపుతుంది. మరో పక్క, బ్యాటరీ ఆదా కోసం నిమిషానికో బిందువు రాసే పద్ధతి పెడితే మలుపులన్నీ తిన్నని గీతలై దూరం తగ్గిపోతుంది. నడకకు, పరుగుకు సెకనుకో బిందువు పెట్టుకోండి. పరుగెత్తేవాళ్లు గడియారం సిగ్నల్ పట్టిందని చెప్పాకే మొదలుపెట్టాలి. తొందరపడితే మొదటి కొన్ని వందల మీటర్లు గల్లంతవుతాయి. అప్పటికప్పుడు చూపే వేగం అంకె ఊగుతూ ఉంటుంది. కిలోమీటరుకో ల్యాప్ పెట్టుకుని దాని సగటు చూడటం మేలు.

ఫోన్ బ్యాటరీని తినేది ఎక్కువగా స్క్రీన్, సిగ్నల్ లేని చోట టవర్ల కోసం వెతుకులాట. జీపీఎస్ కాదు. స్క్రీన్ ఆపి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డు చేస్తే చార్జింగ్ ఎంతో ఎక్కువసేపు నిలుస్తుంది. మరో మాట: ఇవేవీ సాయం కోసం కేక వేయలేవు. మామూలు చేతి పరికరం మీ చోటు మీకే చెబుతుంది. నెట్‌వర్క్ లేని చోట ఇతరులకు తెలియాలంటే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం కావాలి, లేదా 406 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే అత్యవసర బీకన్ కావాలి.

స్థలం కొలవడం

హద్దుల వెంట నడిచి విస్తీర్ణం తెలుసుకునే యాప్‌లు చాలా ఉన్నాయి. ఎప్పుడు పనికొస్తాయో చిన్న లెక్కతో తేలుతుంది. వంద మీటర్ల చతురస్రం అంటే 10,000 చదరపు మీటర్లు. ప్రతి హద్దూ 3 మీటర్లు బయటికి జరిగితే 106 మీటర్ల చతురస్రం అవుతుంది, 11,236 చదరపు మీటర్లు. తప్పు 12 శాతం. అదే 20 మీటర్ల ఇంటి స్థలమైతే 400 కాస్తా 26 మీటర్ల చతురస్రమై 676 అవుతుంది. తప్పు 69 శాతం! ఇది అన్ని వైపులా ఒకేలా తప్పిన చెడ్డ సందర్భం. నిజంలో తప్పులన్నీ ఒకే దిక్కుకు జరగడం ఎక్కువ కాబట్టి కొంత సర్దుబాటవుతుంది. అయినా విషయం స్పష్టం: ఎరువు, విత్తనం అంచనాకు పెద్ద పొలాల్లో వాడుకోండి. ఇంటి స్థలానికి టేపు పట్టండి.

కొలిచేటప్పుడు ఫోన్‌ను తల ఎత్తున, తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకోండి. ప్రతి మూలా పది సెకన్లు ఆగి బిందువు తీయండి. చెట్టు కింద ఉన్న మూల దగ్గర ఎక్కువసేపు ఆగండి. మొత్తం చుట్టు తిరిగాక గంటన్నర ఆగి మళ్లీ ఒకసారి కొలవండి. వెంటనే కొలిస్తే అవే ఉపగ్రహాలు అవే చోట్ల ఉంటాయి, అదే తప్పు మళ్లీ వచ్చి రెండూ సరిపోయినట్టు భ్రమ కలుగుతుంది. ఒకే బిందువును సగటు తీసేటప్పుడూ ఇదే సూత్రం. హద్దు తగాదాల్లో ఈ అంకెలు చూపించి లాభం లేదు. సర్వేయర్లు వాడేది ఆర్‌టీకే పద్ధతి. స్థానం తెలిసిన ఇంకో రిసీవర్ పంపే సవరణలతో అది సెంటీమీటర్ల దాకా వెళ్తుంది.

బండికి ట్రాకర్ బిగించడం

సాధారణ ట్రాకర్‌కు మూడు తీగలు: ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎర్తు, తాళం తిప్పితే కరెంటు వచ్చేది. మల్టీమీటర్‌తో చూడండి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపేది మొదటిది. తాళం తీస్తే సున్నా, తిప్పితే 12 చూపేది మూడోది. ఈ రెండూ తారుమారైతే బండి ఆపగానే ట్రాకర్ చచ్చిపోతుంది, దొంగతనం జరిగేది సరిగ్గా అప్పుడే. ప్లస్ తీగలో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. యాంటెన్నా ముఖం ఆకాశం వైపు ఉండాలి. పైన ప్లాస్టిక్, సీటు స్పాంజి ఉన్నా పర్వాలేదు, రేకు ఉండకూడదు. దూరం నుంచే ఇంజిన్ ఆపే రిలే (స్విచ్) కూడా పెట్టుకుంటే, బండి కదులుతుండగా దాన్ని ఎప్పుడూ నొక్కకండి. ఎవరి ప్రాణానికైనా ముప్పే.

లోపల వేసే సిమ్‌కు పిన్ లాక్ తీసేయాలి, డేటా ప్లాన్ ఉండాలి, ఆ సిమ్ కంపెనీ ఏపీఎన్ (నెట్‌కు కలిపే సెట్టింగ్) సరిగ్గా ఎక్కించాలి. కొత్త ట్రాకర్ పలకకపోవడానికి ఎక్కువగా కారణం ఈ మూడింట్లో ఒకటి. 2జీ మీద మాత్రమే నడిచే చవక ట్రాకర్ కొనేముందు మీ ప్రాంతంలో ఆ నెట్‌వర్క్ ఇంకా నడుస్తోందా అని కనుక్కోండి.

ఆపి ఉంచిన బండి బ్యాటరీ మాట కూడా చూడాలి. 20 మిల్లీఆంపియర్లు లాగే ట్రాకర్ నెలకు 14 ఆంపియర్ అవర్లు పైగా తాగేస్తుంది. 5 ఆంపియర్ అవర్ల బైక్ బ్యాటరీని పది రోజుల్లో ఖాళీ చేయగలదు. బండి ఆగినప్పుడు నిద్రపోయే మోడ్ పెట్టండి. నడుస్తుంటే 10 సెకన్లకు, ఆగితే అరగంటకు ఒకసారి స్థానం పంపితే చాలు.

మ్యాప్‌లో బండి గంటల కిందటి చోటే ఆగిపోతే లోపం నెట్‌వర్క్‌ది. సమయం తాజాగా ఉండి చుక్క చుట్టుపక్కల గంతులేస్తుంటే లోపం సిగ్నల్‌ది. ఆగిన బండి రాత్రంతా నక్షత్రంలా గీతలు గీసి, ఉదయానికి రెండు కిలోమీటర్లు తిరిగినట్టు చూపితే అది చిన్న చిన్న తప్పుల కూడిక మాత్రమే. తాళం తీగ కలిపి ఉన్న ట్రాకర్లలో, బండి ఆగినప్పుడు చుక్కను కదలనీయని సెట్టింగ్ ఆన్ చేయండి.

ఫొటోలు, దాచుకోవాల్సిన చోట్లు

జీపీఎస్ లేని కెమెరాతో తీసిన ఫొటోలకూ చోటు జోడించవచ్చు. ఫోన్‌లో ట్రాక్ రికార్డు చేస్తూ ఫొటోలు తీసి, ఆ ట్రాక్ దాచిన జీపీఎక్స్ ఫైలుతో కంప్యూటర్లో కలపడమే. జత కుదిర్చేది సమయం కాబట్టి, మొదట ఫోన్ గడియారాన్ని సెకన్లతో సహా కెమెరాతో ఒక ఫొటో తీయండి. ఎంత తేడా ఉందో తర్వాత దాన్ని చూసి సరిదిద్దొచ్చు. గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషికి ఒక నిమిషం తేడా అంటే 83 మీటర్లు. ఫొటోలన్నీ సరిగ్గా కొన్ని గంటల నడక దూరం జరిగిపోతే టైమ్ జోన్ తప్పు పెట్టారన్నమాట.

ఫోన్ ఫొటోల్లో ఈ చోటు దానంతటదే ఉంటుంది. ఇంట్లో వస్తువు అమ్మకానికి పెట్టేముందు ఫొటో వివరాల్లోంచి లొకేషన్ తీసేయండి. చాలా మెసేజింగ్ యాప్‌లు మామూలుగా ఫొటో పంపితే దాన్ని తీసేస్తాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంచుతాయి. పరుగు యాప్‌లలో ఇంటి చుట్టూ కొన్ని వందల మీటర్లు దాచే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకోండి. పరుగు యాప్ స్ట్రావా విడుదల చేసిన ఉష్ణపటంలో (జనం తిరిగిన దారులను వెలుగుగా చూపే మ్యాప్‌లో) సైనిక స్థావరాల లోపలి నడక దారులు మెరుస్తూ కనిపించిన సంగతి 2018 జనవరిలో పెద్ద వార్త అయింది.

పాత పరికరం తేదీ తప్పు చూపిస్తే

పెట్టెలోంచి తీసిన పాత పరికరం చోటు సరిగ్గా చెబుతూనే తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపించవచ్చు. జీపీఎస్ పాత సిగ్నల్‌లో వారాలను 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తారు. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి తిరిగింది. మళ్లీ తిరిగేది 2038 నవంబరులో. కంపెనీ సైట్‌లో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే ఎక్కించండి, సర్దుకుంటుంది. లేకపోతే దాన్ని చోటు, దారి వరకు వాడుకోండి. తేదీ మీద ఆధారపడే పనులకు, అంటే ఫొటోలకు చోటు కలపడానికి, ట్రాక్‌లను రోజుల వారీగా దాచుకోవడానికి పనికిరాదు. ఇక ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాలు గడియారం 18 సెకన్లు ముందుంటే కంగారు అక్కర్లేదు. ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే లీప్ సెకన్లను జీపీఎస్ సమయం కలుపుకోదు, 2017 నుంచి దానికి అంత ముందుంది. ఆ తేడా ఎంతో ఉపగ్రహ సందేశంలోనే ఉంటుంది. పన్నెండున్నర నిమిషాల పూర్తి సందేశం అందేలోగా పరికరం దాన్ని సరిచేసుకుంటుంది.